ఆగి పలకవలసిన స్పీకరు



ఆలంపురంలో ఒక ఉత్సవవేళ పురాణ ప్రవచనం వినడానికి వెనుక వరుసలో కూర్చున్నాను. వేదికకు నూరు మీటర్ల దూరాన, మా తలల మీదుగా మరో లౌడుస్పీకరు కట్టారు. ప్రతి మాటా రెండుసార్లు వినిపించి ఒక్కటీ అర్థం కాలేదు. "ఏం చెప్తుండో సమజైతలేదు సారూ" అన్నది ప్రక్కనున్న వృద్ధురాలు. నిర్వాహకులు చేసిన చికిత్స ధ్వని పెంచడం. దానితో రోగమూ పెరిగింది.

దోషం ధ్వనిది కాదు, కాలానిది. తీగలో విద్యుత్తు తృటిలో చేరుతుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లే నడుస్తుంది. నూరు మీటర్లకు 0.29 సెకను, ఒక అక్షరం పలికే కాలాన్ని మించినది. కనుక వెనుక స్పీకరు అంత సేపు ఆగి పలకాలి. నేటి డిజిటల్ మిక్సర్లలో ఈ సౌకర్యం చాలావాటికి ఉన్నది. మరో 10, 15 మిల్లీసెకన్లు చేరిస్తే మాట వేదిక నుండే వస్తున్నట్లు తోస్తుంది. ముందు చేరిన శబ్దం వైపే చెవి మొగ్గుతుందని హెల్ముట్ హాస్ 1949 నాటి తన పరిశోధనలో చూపాడు.

సంస్కృత ఛందస్సులో యతి అంటే విశ్రామమే. తగినచోట ఆగడం పద్యానికెంత అవసరమో స్పీకరుకూ అంతే. గొంతు పెంచే ముందు టేపుతో దూరం కొలవండని నిర్వాహకులకు నా మనవి. వెనుక వరుసలోని వారూ శ్రోతలే కదా!