మిథ్యాయంత్రానికి నిజమైన తాళం

"సంకేతపదం పెట్టాంగదా, ఇంకేం భయం?" అన్న మాట తరచు వినబడుతున్నది. వర్చువల్ మెషీన్లను అద్దెకిచ్చేవారూ, తీసుకునేవారూ ఇదే పాట పాడుతున్నారు. ఈ మాట తప్పని నా వాదం. చిత్తగించండి.

వర్చువల్ మెషీన్‌ను నేను మిథ్యాయంత్రం అంటాను. మిథ్య అంటే లేనిదని కాదు. సత్తూ అసత్తూ కానిదాన్ని అద్వైతులు మిథ్య అన్నారు. తాడును చూసి పామనుకున్నవాడి గుండెదడ నిజమైనదే గదా! మిథ్యాయంత్రానికి పెట్టె లేదు, తెర లేదు. దానిలో దాచుకున్న రాతలు మాత్రం నిజం. దూరాన ఉన్న ఆ యంత్రపు తెరను మన ముందుంచేది కన్సోలు. అది పరులకు చిక్కితే, వారు యంత్రం ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నట్టే. ఆపగలరు, లేపగలరు, లేచేటప్పుడే అడ్డదారి పట్టించి లోపలి సంకేతపదాన్నీ మార్చగలరు.

ఈ తెరను చూపే సాధనాల్లో వీఎన్‌సీ పాతది. 1990లలో కేంబ్రిడ్జిలోని ఒలివెట్టి పరిశోధనాలయంలో పుట్టింది. దాని మూలపద్ధతిలో సంకేతపదానికి ఎనిమిది అక్షరాలే లెక్క. తొమ్మిదవది మొదలు అంతా వృథా. ఆ తాళంచెవి నిడివి ఎనిమిది బైట్లు. యూటీఎఫ్-8లో మన 'శ్రీ' ఒక్కదానికే పన్నెండు బైట్లు కావాలి. అంటే ఆ తాళంలో శ్రీకారం కూడా పట్టదు! పైగా పరీక్ష ముగిశాక మనం నొక్కే ప్రతి మీటా, తెరమీది ప్రతి బొమ్మా గుప్తీకరణ లేకుండానే ప్రయాణిస్తాయి. ఈ పద్ధతి బలహీనమనీ, నమ్మరాని జాలాలకు ఉద్దేశించినది కాదనీ 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6143 స్వయంగా చెబుతున్నది. తయారుచేసినవారే వద్దన్నదాన్ని మనం వీధిగుమ్మానికి తగిలిస్తున్నాం.

నా పూర్వవిద్యార్థులు రెండేళ్ళు శ్రమించి టైపుచేసిన శతకాలు ఇలాంటి ఒక అద్దెయంత్రంలో ఉన్నవి. దాని కన్సోలు పోర్టు లోకమంతటికీ తెరచి ఉన్నది. మూయమని అడిగితే, "ఇంతవరకు ఎవరూ అడగలేదండీ" అన్నారు ఆ సంస్థవారు. ఎవరూ అడగకపోవడం రక్షణ అవుతుందా? దొంగలు పడ్డ ఆరునెలలకు మొరిగే కుక్కలను మనం పెంచుకోవాలా?

ఉపాయం కొత్తదేమీ కాదు. 1995లో ఫిన్లాండులో తాటు యులోనెన్, తన విశ్వవిద్యాలయ జాలంలో సంకేతపదాలు దొంగిలింపబడగా, ఎస్సెస్‌హెచ్‌ను రచించాడు. కన్సోలును ఆతిథేయ యంత్రంలోని 127.0.0.1 చిరునామాకే పరిమితం చేయాలి. ఎస్సెస్‌హెచ్ ఆజ్ఞకు '-ఎల్' చేర్చి, మన యంత్రపు 5901 పోర్టునుంచి అక్కడి కన్సోలు పోర్టుకు సొరంగం వేయాలి. వీక్షకాన్ని మన 5901కే కలపాలి. బయటివారికి ఎస్సెస్‌హెచ్ గుమ్మం తప్ప మరేదీ కనబడదు. విర్ట్-వ్యూయర్ అయితే క్యూఈఎంయూ ప్లస్ ఎస్సెస్‌హెచ్ చిరునామా ఇస్తే ఆ సొరంగాన్ని తానే తవ్వుకుంటుంది. 2009లో రెడ్‌హ్యాట్ బహిరంగపరచిన స్పైస్‌కు టీఎల్ఎస్ మార్గమూ ఉన్నది.

అయితే మరొక దురభ్యాసాన్ని కూడా ఖండించక తప్పదు. తొలిసారి కలిసినప్పుడు ఎస్సెస్‌హెచ్ ఆ యంత్రపు వేలిముద్ర చూపి, నమ్ముతారా అని అడుగుతుంది. చదవకుండా 'ఎస్' అని కొట్టేవారే ఎక్కువ. అశోకవనంలో సీతమ్మ హనుమంతుణ్ణి వెంటనే నమ్మిందా? రాముడి గుర్తులు చెప్పమన్నది, పిదప ఉంగరం చూసింది. సన్యాసి వేషాన్ని నమ్మిన ఫలితం ఆమెకు తెలుసు. మనమూ ఆ వేలిముద్రను యజమానివద్ద ఫోనులో అడిగి సరిచూసుకోవాలి. అది చేయనివాడికి సొరంగం ఉన్నా, దాని అవతలి కొసన ఎవరున్నారో తెలియదు.

"ఇదంతా సామాన్యులకు కష్టం" అంటారు. కావచ్చు. అందుకే బరువు అద్దెకిచ్చేవారిపై ఉండాలంటాను. తలుపు మూసి ఇల్లు అప్పగించండి. తెరచుకోవాలో వద్దో మేము నిర్ణయించుకుంటాం. మిత్రులారా, మీ యంత్రాల కన్సోలు ఏ చిరునామాలో వింటున్నదో ఈ రాత్రే అడిగి తెలుసుకోండి. 127.0.0.1 అని కాక 0.0.0.0 అని జవాబు వస్తే మూయించేదాకా వదలకండి.