వణికే బల్ల, వంగే నడుము

పిల్లలూ! మా అక్కయ్యగారి మనుమడు పోలీసు శిక్షణలో ఉన్నాడు. కిందటి వేసవిలో సెలవుమీద వచ్చాడు. పరుగులో వాడే ముందుంటాడట. కాని, నేలమీద కాళ్ళు చాచి కూర్చుని, మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు ముట్టుకోమంటే మాత్రం వాడి చేతులు బెత్తెడు దూరంలో ఆగిపోతాయట. గోడలు ఎక్కేవాడికి, నేలమీద పాకేవాడికి ఒళ్ళు వంగకపోతే ఎలాగు?

"తాతయ్యా! వణికే బల్ల ఒకటి ఉన్నదట. దానిమీద నిలబడితే ఒళ్ళు సులువుగా వంగుతుందంటున్నారు. నిజమేనా?" అని వాడు అడిగాడు. వాడికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను.

ముందొక చిన్న పరీక్ష చేయండి. కుర్చీలో కాలుమీద కాలు వేసుకుని కూర్చోండి. మోకాలిచిప్పకు కొంచెం కిందుగా, అరచేతి అంచుతో మెల్లగా తట్టమని అక్కయ్యతో చెప్పండి. పాదం దానంతట అదే ముందుకు ఎగురుతుంది!

ఎందుకని? మన కండలలో కదురు ఆకారంలో సన్నని కావలివాళ్ళు ఉన్నారు. కండ హఠాత్తుగా సాగితే, వాళ్ళు వెన్నుపాముకు కబురు పంపుతారు. మెదడును అడగకుండానే, "ముడుచుకో!" అని ఆజ్ఞ వస్తుంది. కండ దెబ్బ తినకుండా ప్రకృతి చేసిన ఏర్పాటిది.

వణికే బల్ల సెకనుకు సుమారు 20 నుంచి 50 సార్లు, కొద్ది మిల్లీమీటర్ల మేర కదులుతుంది. దానిమీద మోకాళ్ళు కొంచెం వంచి నిలబడితే, కండలు ప్రతి కుదుపుకూ రవ్వంత సాగి, రవ్వంత ముడుచుకుంటాయి. అందువల్ల అవి వేడెక్కుతాయి, రక్తం బాగా ప్రవహిస్తుంది. సాగదీసినప్పుడు కలిగే నొప్పి కూడా కొంత తగ్గుతుంది. జిమ్నాస్టులతోనూ ఆటగాళ్ళతోనూ జరిపిన కొన్ని పరీక్షలలో, వణుకుతోపాటు సాగదీత చేసినవారు మరింత వంగగలిగారు.

ఈ ఆలోచన పాతదే. వణుకుడు జబ్బు ఉన్నవారు రైలు ప్రయాణం తరువాత ఒళ్ళు తేలికపడిందనటం విని, ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో, కుదిపే కుర్చీతో చికిత్స గురించి 1892లో వివరించాడు.

అయితే, మంచిదని గంటలకొద్దీ వణకరాదు. ఏళ్ళ తరబడి ట్రాక్టరు మీద కుదుపులు తినేవారికి నడుమునొప్పి వస్తుంది. ఈ బల్లమీద నిలిచేది కొద్ది నిమిషాలే. అదీ తెలిసినవారి ఎదుటనే. పిల్లలు దాని జోలికి పోకూడదు.

ఇవన్నీ చెబుతూంటే నాకొక సంగతి గుర్తుకు వచ్చి సిగ్గువేసింది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులలో, డ్రిల్లు క్లాసులో వంగలేని కుర్రవాడొకడు ఉండేవాడు. "బద్ధకం!" అని వాడి వీపుమీద చెయ్యివేసి కిందికి తోసేవాణ్ణి. ఎంత తోస్తే వాడి కాళ్ళు అంతగా బిగుసుకునేవి. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నాకు ఎదురుతిరిగింది ఆ పసివాడు కాదు, వాడి కండలోని కావలివాడు! వ్యాయామం నేర్పే నాకే ఆ సంగతి తెలియలేదు.

కావలివాణ్ణి బెదిరించకుండా దాటే మార్గం బల్ల లేకుండానే ఉన్నది. ముందు అయిదు నిమిషాలు చురుకుగా నడవండి. తరువాత కాళ్ళు చాచి కూర్చుని, కుదుపు లేకుండా మెల్లగా ముందుకు వంగండి. పిక్కలు, తొడల వెనుక భాగం లాగినట్టు అనిపించినచోట ఆగి, 30 లెక్కపెట్టండి. నొప్పి పుడితే వెనక్కు రండి. ఇలా మూడుసార్లు చాలు. వేళ్ళు అందినచోట సుద్దముక్కతో గీత గీయండి. నెలరోజులు చేశాక గీత ఎంత జరిగిందో చూడండి.

మా మనుమడికీ ఇదే చెప్పి పంపాను. మొన్న ఫోను చేసి, "తాతయ్యా, బొటనవేలు అందింది!" అన్నాడు.

తల్లిదండ్రులకు ఒక మనవి: మీ పిల్లవాడు వంగలేకపోతే పక్కన కూర్చుని లెక్కపెట్టండి. తొయ్యకండి.