డబ్బాలో జీన్స్ రిపేరు

మొన్న శుక్రవారం తుబ్లీలో మా గది పక్క లేబర్ క్యాంపు నుంచి ఒకాయన వచ్చాడు. సిరిసిల్ల వైపు మనిషి, తాపీ పని. చేతిలో మాత్రల డబ్బా. "అన్నా, ఇవి మింగితే ఖరాబైన జీన్స్ మల్ల మంచిగైతయట, నిజమేనా?" అన్నాడు. ప్యాంటు సంగతేమో అనుకున్నా ముందు! డబ్బా మీద చూస్తే, యాంటీ ఆక్సిడెంట్ అట, డీఎన్ఏ మిథైలేషన్ పెంచుతుందట. 28 దినార్లు. ఆయన జీతంలో పావు వంతు.

నేను కోడు రాసుకుని బతికేవాణ్ణి, బయాలజీ నా సబ్జెక్టు కాదు. అయినా మింగుడు పడక రెండు రాత్రులు కూర్చుని చదివా.

ప్రోగ్రాంలో అక్కర్లేని లైనుని చెరిపెయ్యం, ముందు రెండు గీతలు పెట్టి నిద్రపుచ్చుతాం కదా. డీఎన్ఏలో సైటోసిన్ అనే అక్షరం మీద పడే మిథైల్ గుర్తు చాలాచోట్ల అలాంటిదే. పక్కనే గ్వానిన్ ఉన్న సైటోసిన్ మీదే ఎక్కువగా పడుతుంది. చిక్కల్లా ఏమిటంటే, నాలుగు అక్షరాల్లోనూ ఆక్సిజన్ దెబ్బకి తేలిగ్గా పాడయ్యేది ఆ గ్వానినే. అది 8-ఆక్సోగ్వానిన్‌గా మారితే, పక్కనున్న సైటోసిన్ మీద గుర్తు పెట్టాల్సిన ఎంజైముకి చెయ్యాడదు. 1990లలోనే ల్యాబుల్లో చూశారిది.

డబ్బా అమ్మేవాళ్ళు ఇక్కడిదాకా చదివి ఆపేసినట్టున్నారు. ఆ తర్వాతే వ్యవహారం అడ్డం తిరుగుతుంది. ఆక్సీకరణ దెబ్బ తగిలిన కణాల్లో అదే జాతి ఎంజైములు కొన్ని జీన్ల దగ్గరికి పరుగెత్తి, పెట్టకూడని చోట గుర్తులు పెట్టడం 2011లో బయటపడింది. అంటే ఒకచోట తగ్గుతుంది, ఇంకోచోట పెరుగుతుంది. మరి "పెంచుతుంది" అంటే ఎక్కడ పెంచుతుందండీ? బగ్గున్న ప్రోగ్రాంలో కనబడ్డ లైనుకల్లా గీతలు పెట్టి, బాగుచేశాం బిల్లు కట్టండి అంటే మా క్లయింటు ఊరుకుంటాడా?

యాంటీ ఆక్సిడెంటేగా, పనిచెయ్యకపోయినా పోయేదేముంది అంటారేమో. ఫిన్లండ్‌లో సిగరెట్లు తాగే 29 వేల మంది మగవాళ్ళ మీద చేసిన ట్రయల్ ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ మాత్రలు మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సరు 18 శాతం ఎక్కువ!

మనవాడి జేబులోనూ సిగరెట్ పెట్టె ఉంది. పొగ తాగేవాళ్ళలో ఏహెచ్ఆర్ఆర్ అనే జీను దగ్గర మిథైల్ గుర్తులు తగ్గుతాయి, మానేస్తే ఏళ్ళ మీద చాలావరకు తిరిగొస్తాయి. దీనికి ఆక్సీకరణ ఒక్కటే కారణం అనను గానీ, పైసా ఖర్చు లేని రిపేరు ఇదొకటుంది. ఆ మాటే చెప్పి, డబ్బా వాపసు ఇచ్చెయ్యమన్నా.

వాపసు తీసుకోరట. డబ్బులు రావాలంటే ఇంకో ఇద్దరిని చేర్పించాలట. ఆ ఇద్దరూ ఆయన గదిలో వాళ్ళే.