‘మీ ఇష్టం’ అన్నది ధర కాదు

పాతబస్తీలో ఇంటివద్దనే కుట్టుమిషను పెట్టుకున్న ఏ సోదరినైనా “ఆపా, కుట్టుకూలి ఎంత?” అని అడిగి చూడండి. “మీ ఇష్టం, మీరే చూసి ఇవ్వండి” అన్న జవాబు తరచుగా వినిపిస్తుంది. మనం దాన్ని మర్యాదగా భావిస్తాము. కాని ఆ మర్యాద వెనుక ఒక నష్టం దాగి ఉంది. బట్ట సిద్ధమైన తర్వాత ఇచ్చేవారికి అది ఎక్కువగా తోస్తుంది, పుచ్చుకునేవారికి తక్కువగా తోస్తుంది. ఇద్దరూ పైకి ఏమీ అనరు, కాని మనసులు మాత్రం దూరమవుతాయి.

ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ చిక్కును ముందే గుర్తించింది. పనికి కుదుర్చుకునే ఒప్పందంలో ‘ఉజ్రత్’, అంటే ప్రతిఫలం, ఎంతో ఇరుపక్షాలకూ తెలిసి ఉండాలి. తెలియకపోతే ఆ ఒప్పందం లోపభూయిష్టమని హనఫీ పండితులు చెప్పారు. అలాంటి పని పూర్తయితే, అదే పనికి లోకంలో ఇచ్చే ‘ఉజ్రతె మిస్ల్’ చెల్లించాలన్నారు. కనుక ధర ముందుగా చెప్పడం దురాశ కాదు, ఒప్పందాన్ని సరిచేసుకోవడం.

దివ్య ఖుర్‌ఆన్ మన ముందు రెండు ఉదాహరణలు ఉంచింది. మద్‌యన్‌లో మూసా ప్రవక్త (అలైహిస్సలాం) కొలువుకు కుదిరినప్పుడు ఎనిమిదేళ్లు తప్పనిసరి అనీ, పదేళ్లు పూర్తిచేస్తే అది ఆయన ఇష్టమనీ పని మొదలు కాకముందే తేల్చుకున్నారు (ఖసస్ 28:27, 28). తప్పనిసరి ఏదో, ఇష్టపూర్వకం ఏదో అక్కడ స్పష్టంగా విడదీయబడింది. ఇక తలాఖ్ సూరా 6వ వాక్యం విడాకులు పొందిన తల్లి బిడ్డకు పాలు పడితే ఆమె ప్రతిఫలం ఆమెకు ఇవ్వాలనీ, ఆ విషయం పరస్పరం సంప్రదించుకుని మంచిగా తేల్చుకోవాలనీ ఆదేశించింది. ఇంటి నాలుగు గోడల మధ్య స్త్రీ చేసే పనికి వెల ఏమిటని అడిగేవారికి ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

అయితే ధర చెప్పాలంటే ముందు అది మనకు తెలియాలి. ధర్మశాస్త్రం పనివారిని రెండు రకాలుగా చూసింది. తన సమయాన్ని ఒకరికే అప్పగించేవాడు ‘అజీరె ఖాస్’, నలుగురికీ పనిచేసి పనిని బట్టి ప్రతిఫలం తీసుకునేవాడు ‘అజీరె ముష్తరక్’. దర్జీ రెండో కోవకు చెందుతాడు. కాబట్టి గిరాకీకి చెప్పేది పీసు ధరే. కాని గంట విలువ తెలియనిదే పీసు ధర కట్టలేము.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాము. ఒక సోదరి నెలకు 25 రోజులు, రోజుకు 6 గంటలు పనిలో ఉంటుందనుకుందాము. అందులో ఒక గంట కొలతలకు, దారాలూ లేసులూ కొనడానికి, వచ్చినవారితో మాట్లాడటానికి పోతుంది. కూలి వచ్చే గంటలు నెలకు 125 మాత్రమే. ఇంటికి ఆమె సంపాదన నుండి 10,000 రూపాయలు కావాలి. కరెంటు, సూదులు, మిషను మరమ్మతుకు 1,500, జబ్బు చేసిన రోజులకు 1,000 తీసిపెట్టాలి. మొత్తం 12,500. దాన్ని 125తో భాగిస్తే గంటకు 100 రూపాయలు. మూడు గంటలు పట్టే పనికి 300 అడగాలి. దారం, లైనింగు ఖర్చు దానికి అదనం. మీ అంకెలు వేరుగా ఉండవచ్చు, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

ఇదే లెక్కతో మగ్గం పనిని చూడండి. ఏడు గంటలు పట్టే కుర్తా పనికి దళారి 250 రూపాయలు చేతిలో పెడితే గంటకు 36 రూపాయలు కూడా పడలేదు. కళ్లు అలిసిపోయినా ఈ సంగతి తెలియదు, లెక్క రాసుకుంటేనే తెలుస్తుంది. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. లాడ్ బజారుకు అది గర్వకారణమే. కాని గాజుకు వచ్చిన పేరు, దానికి రాళ్లు అద్దిన చేతికి కూలిగా దానంతట అదే మారదు. అడగవలసింది ఆ చేయి గలవారే.

“ఎక్కువ చెబితే గిరాకీ పక్క గల్లీకి పోదా?” అన్న భయం ఉంటుంది. కొంత పోవచ్చు కూడా. కాని నష్టానికి కుట్టే పది జతలకన్నా న్యాయమైన ధరకు కుట్టే ఆరు జతలు మేలు. అంతేకాదు, మనం లెక్క లేకుండా తగ్గించిన ధర పక్కింటి వితంతువు ధరను కూడా తగ్గిస్తుంది. గల్లీలోని కుట్టుపని సోదరీమణులు కలిసి కూర్చుని తమ తమ గంటలు లెక్కచూసుకుంటే ఈ భయం సగం తీరుతుంది.

న్యాయం రెండువైపులా ఉండాలి. కొత్తగా నేర్చుకునేవారు నాలుగు గంటల పనికి ఎనిమిది గంటలు తీసుకుంటే, ఆ ఆలస్యపు భారం గిరాకీపై వేయరాదు. రంజాన్ ముందు తొందర పనికి అదనం తీసుకోదలిస్తే బట్ట తీసుకునేటప్పుడే చెప్పాలి. పేదింటి పెళ్లికూతురికి తగ్గించి కుట్టాలనుకుంటే సంతోషంగా కుట్టండి. అసలు ధర తెలిసి వదులుకున్నది దానమవుతుంది, తెలియక పోగొట్టుకున్నది నష్టమే అవుతుంది.

చివరగా, కుట్టించుకునే మనందరికీ ఒక మాట. శ్రామికుని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధ మన పిల్లలకు కూడా తెలుసు. స్తోమత ఉండి చెల్లింపు వాయిదా వేయడం దౌర్జన్యమని కూడా ఆయన హెచ్చరించారు. షోరూములో బిల్లు చూసి మారుమాట లేకుండా చెల్లించే మనం, ఆపా గుమ్మం దగ్గర యాభై రూపాయలకు బేరమాడుతున్నామా? ఇకపై ఆమె “మీ ఇష్టం” అంటే, “కాదు ఆపా, మీ ధర చెప్పండి” అందాము. ఆమె చెప్పిన ధర ఒప్పుకుంటే, పండుగ దాటనివ్వకుండా బట్ట అందుకున్న నాడే ఇచ్చేద్దాము.