రక్షకుని ప్రణయము

అమెరికాలో పుట్టి మన ఇండ్లలోనికిని వచ్చుచున్న నవలలు కొన్ని కలవు. వానిలో తండ్రి పోలీసు అధికారి, కొడుకులందరును పోలీసులే. ఒక హత్య జరుగును. దానిని కన్నులార చూచిన యువతి ప్రాణభయముతో ఆ సోదరులలో ఒకనిని శరణు జొచ్చును. అతడామెను రహస్యముగా తన ఇంట దాచును. హంతకుడు పట్టుపడునాటికి ఇరువురకును ప్రణయము కుదురును, కుటుంబమెల్ల సంతోషించును.

ఇది వినోదమాత్రమే గదా, దీనిపై ఇంత ఆగ్రహమేల యని కొందరందురు. వినోదమని నేనును ఒప్పుకొందును. ఆ వినోదము మనకు నేర్పుచున్న పాఠమును మాత్రము ఒప్పుకొనజాలను.

మొదటి పాఠము: స్వజనాభిమానమే న్యాయమనుట. ఈ కథలలో సోదరునిపై నింద పడినచో కుటుంబమంతయు ఒక్కటై నిలుచును. అతడు నిర్దోషియని తేలకమానదు. లోకమట్లున్నదా? న్యూయార్కు పోలీసు ఫ్రాంకు సెర్పికో తోటివారి లంచగొండితనమును బయటపెట్టెను. 1971లో ఒక సోదాలో అతని ముఖమునకు గుండు తగిలినపుడు తోడువచ్చిన పోలీసులు తన్ను ఆదుకొనలేదని అతడే చెప్పెను. ఆ నగరపు పోలీసులలో అవినీతి విస్తారముగా వ్యాపించియున్నదని 1972లో నాప్ కమిషను తేల్చెను. నిజమైన ధీరుడు తనవారిని కాదని నిలిచినవాడే. నవలాకారులకు అతడు రుచింపడు.

రెండవ పాఠము ఇంకను ఘోరమైనది: అధికారి చేతిలోనున్న స్త్రీ సమ్మతి నిజమైన సమ్మతియే యనుట. ఈ మాట మన దేశములో ఎంత అనర్థము తెచ్చెనో తలచుకొనుడు. 1972 మార్చి 26వ తేదీ రాత్రి మహారాష్ట్రములో ఒక ఆదివాసి బాలికను వెంట వచ్చినవారినుండి వేరుచేసి ఠాణాలో ఉంచిరి. అక్కడ ఒక కానిస్టేబులు తన్ను చెరచెనని ఆమె మొరపెట్టుకొనెను. హైకోర్టు శిక్షించినను, 1978లో సుప్రీముకోర్టు పోలీసులను విడిచిపెట్టెను. దేహముపై గాయములు లేకపోవుటయు ఆమె సమ్మతికి గురుతుగా ఎంచబడెను! 1979లో నలుగురు న్యాయశాస్త్రాధ్యాపకులు ఈ తీర్పును ఖండించుచు బహిరంగ లేఖ వ్రాసిరి, స్త్రీలు వీథులకెక్కిరి. తుదకు 1983లో చట్టము మారెను. పోలీసు నిర్బంధములో సంగమము రుజువై, తాను సమ్మతింపలేదని స్త్రీ చెప్పినచో, సమ్మతి లేదనియే న్యాయస్థానము భావింపవలెను.

నవలలోని నాయకుడు దుర్మార్గుడు కాడు గదా యందురేమో. కాకపోవచ్చును. కాని ఆమె ప్రాణము అతని చేతిలో నున్నది. తలుపు తాళము అతనియొద్ద నున్నది. ఆమె సాక్ష్యమును వ్రాసికొనువాడును అతడే. కాదన్నచో ఆమె ఎచటికి పోవును? చట్టము ఇంత కాలమునకు నేర్చుకొన్న విషయమును ఈ కథలు మన ఆడుబిడ్డలచేత మరపించుచున్నవి.

ఈ పుస్తకములను తగులబెట్టుడని నేను చెప్పను. నేరపరిశోధనకథ బుద్ధికి సానపెట్టునదే. రచయితల నొక్కటి కోరుచున్నాను: కేసును వేరొక అధికారికి అప్పగింపుడు, ఆ యువతిని నిర్భయముగా తన ఇంటికి చేరనిండు. ఆ పిమ్మట నాయకుడు వచ్చి తలుపు తట్టవచ్చును. తెరచుటయో తెరువకుండుటయో ఆమె యిష్టము. ఆ తలుపు ఆమెదై యున్నప్పుడే దానికి ప్రణయమని పేరు.