షైలాక్ ఎలాంటివాడు?

పిల్లలూ,

ఇంగ్లీషు పరీక్షలో ఈ ప్రశ్న వస్తే మీరేం చేస్తారో నాకు తెలుసు. 1600లో అచ్చయిన షేక్స్‌పియర్ నాటకం "మర్చెంట్ ఆఫ్ వెనిస్" కథంతా మొదలుపెడతారు. వడ్డీ వ్యాపారి షైలాక్ ఆంటోనియోకు 3,000 డ్యూకట్లు అప్పివ్వటం, గడువు దాటితే ఒక పౌను మాంసం కోసుకుంటానని పత్రం రాయించుకోవటం, పోర్షియా మగవేషంలో వచ్చి వాదించటం, ఇలా నాలుగు పేజీలు నిండుతాయి. కాని అడిగింది కథ కాదుగా!

"షైలాక్ క్రూరుడు" అనుకుంటే మొదటి వాక్యంలోనే చెప్పెయ్యండి. వెంటనే రుజువు చూపండి: 6,000 ఇస్తామన్నా పుచ్చుకోక, న్యాయసభలోనే జోడు అడుగున కత్తి నూరుకున్నాడు. రుజువు లేని మాటకు మార్కులు రావు. పద్యమైతే ఆ రుజువు ఒక్క మాటలోనే దొరకవచ్చు.

ఒకసారి ఒక కుర్రవాడు, షైలాక్‌ను చూస్తే జాలి వేసిందని రాశాడు. నోట్సులో లేదు కదా అని నేను మార్కులు కోశాను. రాత్రి ఎందుకో మనసొప్పక నాటకం మళ్ళీ తిరగవేశాను. ఆంటోనియో అతన్ని కుక్క అని తిట్టాడు, గడ్డం మీద ఉమ్మాడు. తరవాత అప్పుకు అతని దగ్గిరికే వచ్చాడు. కూతురు డబ్బూ, నగలూ పట్టుకుని వెళ్ళిపోయింది. చివరకు మతం కూడా మార్చుకోమన్నారు. కుర్రవాడు ఇవన్నీ రాశాడు. నేనే సరిగా చదవలేదు. మర్నాడు క్లాసులో అందరి ఎదుటా మార్కులు దిద్దాను. (నోట్సులమీద నాకు అప్పటినుంచీ గురి లేదు!)

మరి ఆంటోనియో మంచివాడేనా? పది వాక్యాలు మించకుండా, రెండు రుజువులతో రాసి అమ్మకో, నాన్నగారికో చూపించండి.