డబ్బాకి కన్నం పెట్టండి మహాప్రభో!

దీపావళికి కట్టిన లైట్లు సంక్రాంతి దాకా విప్పకపోవడం అమెరికాలో ఉండే తెలుగువాడి జన్మహక్కు. మధ్యలో క్రిస్మస్ ఉంది కాబట్టి ఇరుగుపొరుగు కూడా ఏమీ అనుకోరు. 2025లో దీపావళి అక్టోబరు 20న వచ్చింది. అక్కణ్ణుంచి జనవరి 15 సంక్రాంతికి లెక్కేస్తే సరిగ్గా 87 రోజులు. ఇక్కడి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ పండగ లైట్ల తాత్కాలిక వైరింగుకి ఇచ్చే గడువు 90 రోజులు. ఎవరో మన పంచాంగం పక్కన పెట్టుకునే రాశారని నా అనుమానం.

ఆ 87 రోజులూ వానలో, మంచులో నానడం లైట్లకి పెద్ద లెక్క కాదు. ఆరుబయటకని అమ్మే పిక్సెళ్ళ లోపల రెజిన్ పోసి ఉంటుంది. చిక్కల్లా వాటిని ఆడించే కంట్రోలరు, దానికి కరెంటిచ్చే పవర్ సప్లై, ఆ రెండూ కూర్చునే డబ్బాతోనే. మనలాంటి సాఫ్టువేరు జనం ఈఎస్‌పీ32 మీద డబ్ల్యూఎల్‌ఈడీ ఎక్కించి, ఏ రంగు తర్వాత ఏ రంగు రావాలో తేల్చడానికి నాలుగు వీకెండ్లు ఖర్చుపెడతాం. డబ్బాకి మాత్రం ఆఖరి రోజు పదిహేను నిమిషాలు. నేనూ అంతే. నా ఎలక్ట్రికల్ పరిజ్ఞానం నిజంగానే వానాకాలం చదువు.

2023 నవంబరు. మేముండేది నార్త్ కరొలైనాలో. ఐపీ67 అని ముద్ర ఉన్న ప్లాస్టిక్ డబ్బా కొన్నాను. వైర్లు తేలిగ్గా దూర్చొచ్చని పైభాగాన నాలుగు కన్నాలు చేసి, వాటి చుట్టూ సిలికాన్ ట్యూబు మొత్తం పిండాను. డబ్బాని గరాజ్ పక్కన పూలమొక్కల మధ్య నేలమీదే పెట్టాను. చుక్క నీరు పోయే సందు లేదని గర్వంగా ఫోటో తీసి ఫ్రెండ్సుకి పంపాను కూడా.

రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాత వాన పడ్డప్పుడల్లా జీఎఫ్‌సీఐ కొట్టేయడం మొదలైంది. (బయట గోడకి టెస్ట్, రీసెట్ అని రెండు బటన్లతో ఉంటుందే, ఆ సాకెట్.) రీసెట్ నొక్కితే పది నిమిషాలు వెలిగి మళ్ళీ టప్. మా వీధి చివర గుంటూరు అన్నగారొకాయన ఉన్నారు, లైట్ల విషయంలో నాకు గురువు. "ఆ సాకెట్లు ఊరికే ట్రిప్ అవుతాయి తమ్ముడూ, లోపల వాషర్ దగ్గర్నుంచి ఎక్స్‌టెన్షన్ లాగేయ్" అన్నారు. ఆ పాతకాలం సాకెట్‌కి జీఎఫ్‌సీఐ లేదు. లాగేశాను. లైట్లు దివ్యంగా వెలిగాయి. ఆ సాయంత్రం మా పాప తడి గడ్డిలో చెప్పుల్లేకుండా నిలబడి, ఆ డబ్బా పక్కనే జింక బొమ్మని పట్టుకుని ఫోటో దిగింది. ఆ ఫోటో తీసింది నేనే.

మర్నాడు పొద్దున్న మూత తీస్తే లోపల రెండు వేళ్ళ లోతు నీళ్ళు. 120 వోల్టుల టెర్మినళ్ళ అడుగున పచ్చగా చిలుం. ఆ రోజు ఆఫీసుకి ఫోన్ చేసి లీవు పెట్టాను. పని ఏమీ లేదు, ఊరికే కూర్చున్నాను.

ఇంతకీ అంత గట్టిగా మూసిన డబ్బాలోకి నీళ్ళెలా వచ్చాయి? గట్టిగా మూశాను కాబట్టే! ఇంటర్మీడియట్‌లో చదివిన గ్యాస్ లా గుర్తు తెచ్చుకోండి. లైట్లు వెలుగుతున్నంతసేపూ పవర్ సప్లై వేడికి లోపలి గాలి 40 డిగ్రీలకి చేరిందనుకుందాం. రాత్రి టైమరు ఆపేస్తుంది. తెల్లారేసరికి బయట సున్నా. 313 కెల్విన్ నుంచి 273కి పడితే మూసిన డబ్బాలో పీడనం దాదాపు 13 శాతం తగ్గుతుంది. అంటే సుమారు 1.3 మీటర్ల నీటి మట్టం బయట్నుంచి నెట్టినంత బలం. నిజానికి పీడనం అంత దాకా పడదు, ఈలోపే ఏదో ఒక సందులోంచి డబ్బా పీల్చేసుకుంటుంది. ఆ సందు మీద వాననీళ్ళు నిలిచి ఉంటే నీళ్ళు, లేకపోతే చెమ్మగాలి. ఆ చెమ్మ లోపల చల్లటి గోడకి తగిలి చుక్కలు కడుతుంది. ఇలా రోజూ ఒక గుటక. పోవడానికి మాత్రం దారి లేదు, సిలికాన్ ఉందిగా!

ఐపీ67లో ఆ 7కి అర్థం, మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచినా లోపలికి హాని చేసేంత నీరు రాకూడదని. మూడు నెలలపాటు వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే ఏమవుతుందో ఆ పరీక్షలో లేదు. పైగా ఆ ముద్ర ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డబ్బాకి, మనం డ్రిల్లు పెట్టి పొడిచిన కన్నాలకి కాదు. ఇంకో సంగతి, పోగుల వైరయితే తొడుగు లోపల పోగుల మధ్య నుంచి కూడా నీళ్ళు పాకుతాయి, ప్రమిదలో వత్తికి నూనె ఎక్కినట్టు. బయట ఎంత పూత పూసినా దానికి అడ్డు లేదు. ఇక ఆ సిలికాన్... వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసెటిక్ యాసిడ్ వదుల్తుంది, రాగిని తినేస్తుంది. ఎలక్ట్రానిక్స్ దగ్గర వాడాల్సింది న్యూట్రల్ క్యూర్ రకం. డబ్బాలో పడేసే సిలికా జెల్ పొట్లాలంటారా, అవి పీల్చగలిగినంత పీల్చి ఊరుకుంటాయి, ఆ తర్వాత అవీ తడే.

అప్పుడు మా నాన్న ఇక్కడే ఉన్నాడు. డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒరే, మన బోరు దగ్గర స్టార్టరు డబ్బా ఎప్పుడన్నా చూశావా? పైన రేకు, వైర్లు కిందనుంచి. నువ్వేంట్రా, పైన పొడిచి కింద బిగించావ్?" అన్నాడు. చదువుకున్న కొడుకు మీద అంత ఆనందం ఆయన మొహంలో చాన్నాళ్ళకి చూశాను. అయితే ఇదే మా నాన్న, పొలంలో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావుపాటి రాగితీగ చుట్టిన మనిషి. మా ఊళ్ళో అందరూ అదే చేసేవారు. తడిచేత్తో మోటారు స్విచ్ వెయ్యబోయి పోయిన రైతుల వార్తలు ప్రతి వానాకాలం జిల్లా ఎడిషన్లో చదువుతూనే పెరిగాను. చదివిన నేను అమెరికా వచ్చి చేసింది కూడా రాగితీగ చుట్టడమే.

జీఎఫ్‌సీఐ ఊరికే ట్రిప్ అవ్వదండీ. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరిపోవాలి. 4 నుంచి 6 మిల్లీఆంపుల తేడా వస్తే ఆ మిగతాది ఇంకెవరి గుండానో పోతోందని ఆపేస్తుంది. గోడ లోపలి మామూలు బ్రేకరు పడాలంటే 15 ఆంపులు దాటాలి, అంటే మూడు వేల రెట్లు. మనిషి ప్రాణం ఆ రెండు అంకెల మధ్య ఎక్కడైనా పోవచ్చు. (ఇండియాలో ఇళ్ళకి పెట్టే ఆర్‌సీసీబీలు మామూలుగా 30 మిల్లీఆంపులవి. మన ఊరి ఇంట్లో అదైనా ఉందో లేదో ఈసారి వెళ్ళినప్పుడు చూడండి.) దాన్ని దాటేసి వేరే సాకెట్లో పెట్టడం, ఎక్సెప్షన్ వస్తోందని క్యాచ్ బ్లాకు ఖాళీగా వదిలేయడం లాంటిదే. కోడ్ రివ్యూలో అలా చేసిన కుర్రాణ్ణి నేను ఎన్నిసార్లు తిట్టి ఉంటానో!

ఇప్పుడు నా డబ్బా నేలమీద ఉండదు. చూరు కింద గోడకి, రెండడుగుల ఎత్తులో, నిలువుగా. గోడకీ దానికీ మధ్య అరంగుళం సందు, నీళ్ళు అంటుకుని నిలవకుండా. స్క్రూలు డబ్బా వీపులోంచి కాదు, బయటి చెవులకే. వైర్లన్నీ అడుగు నుంచే, ఒక్కో గ్లాండుకి ఒక్కటే గుండ్రటి కేబులు. ప్రతి కేబులూ లోపలికి వెళ్ళేముందు ఒకసారి కిందకి వేలాడి పైకి లేస్తుంది, దాని మీద జారే నీళ్ళు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. లోపల అడుగు రెండంగుళాల్లో ఏమీ ఉండదు. అన్నిటికంటే కింద పావంగుళం కన్నం, దానికి కిటికీ మెష్ ముక్క.

పవర్ సప్లై లోపలే పెట్టి 12 వోల్టులే బయటికి తేవొచ్చు కదా అని అడగొచ్చు. వీలైతే అదే మంచిది. కానీ 30 అడుగుల దూరం, 10 ఆంపులైతే 18 గేజు వైర్లో దాదాపు 4 వోల్టులు దారిలోనే పోతాయి, తెల్లరంగు కాస్తా ఎర్రబడుతుంది. 12 గేజు వేస్తే ఒక వోల్టుతో సరి. నాకు గరాజ్ నుంచి దూరం ఎక్కువ, కుదర్లేదు.

అన్నగారు మాత్రం ఒప్పుకోలేదు. "కన్నం పెడితే ఐపీ రేటింగు పోతుంది కదయ్యా!" పోతుంది, నిజమే. కానీ ఇంటి బయట కరెంటు మీటరు డబ్బాని ఓసారి చూడమన్నాను. ఇక్కడ వాటిల్లో ఎక్కువభాగం నెమా 3ఆర్ రకం, వానని పైనుంచి ఆపుతాయి, వచ్చిన చెమ్మని కిందనుంచి పోనిస్తాయి. ఏళ్ళ తరబడి అలా ఎండకీ వానకీ నిలబడే ఉన్నాయి. కన్నం మరీ మనసొప్పకపోతే గాలిని వదిలి నీటిని ఆపే పొర ఉన్న వెంట్ ప్లగ్గులు దొరుకుతాయి. నాకైతే కన్నమే ఇష్టం, చవక, పాడయ్యేదేమీ లేదు. ఆయన ఇంకా ట్యూబులే పిండుతున్నారు. అయితే ఆ వాషర్ సాకెట్‌కి ఇప్పుడు జీఎఫ్‌సీఐ వేయించారు, అది చాలు.

ఈ సంక్రాంతికి విప్పినప్పుడు డబ్బాలో పొడి దుమ్ము, ఒక సాలీడు. మెష్ దాటి అదెలా దూరిందో అర్థం కాలేదు. ఈసారి ఇంకాస్త సన్నటిది వెయ్యాలి.